అయోడిన్ చుక్క

రాత్రి ఏడింటికి బయాలజీ ల్యాబు.
కాలేజీ పార్కింగులో సగం బండ్లకి ఒక్క లైటే వెలుగుతుంది.
యాకిమా లోయ అక్టోబరు చలి
మాకంటే ముందే వచ్చి స్టూళ్ల మీద కూచుంటుంది.

నాకు యాభై మూడు.
పాతికేళ్లు దుంగల లారీ తోలాను,
ఇక చాలని నడుం చెప్పేదాకా.
నా పక్క స్టూలు ఒబ్దూలియాది.
పగలంతా ప్యాకింగ్ షెడ్డులో ఆపిల్ కాయలు ఏరుతుంది,
పదకొండేళ్లుగా.
ఎన్నిసార్లు కడిగినా
ఆమె వేళ్ల సందున మైనం వాసన పోదు.

మొదటి రోజు మైక్రోస్కోపులో ఏం కనపడిందని అడిగితే
"నా రెప్పల వెంట్రుకలు" అంది.
నాకూ అవే కనపడ్డాయి.
నేను మాత్రం కాగితం మీద "కణాలు" అని రాసి
గుండ్రంగా నాలుగు గీసిచ్చాను.

మా మాస్టారు హాల్వర్సన్
మూడు కాలేజీల్లో గంటల లెక్కన పాఠం చెబుతాడు.
ఆయన ఆఫీసు ఆయన కారు డిక్కీ.
ఒక ప్లాస్టిక్ కప్ప, రెండు పెట్టెల జవాబు పత్రాలు,
మంచుబూట్ల జత.
కిరణజన్య సంయోగక్రియ గురించీ
పెట్రోలు ధర గురించీ
ఒకే గొంతుతో మాట్లాడతాడు.

ఆ రాత్రి పాఠం పిండిపదార్థం.
బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేశాడు.
సిరాబుడ్డి ఒలికినట్టు నీలం.
తర్వాత, దారిలో కొట్లో కొన్న ఆపిల్.
చుక్క వేశాడు. ఆగాం.
గోధుమరంగు మరక గోధుమరంగు మరకగానే ఉండిపోయింది.
ఇంకో చుక్క.
సీసాని లైటుకెత్తి గడువు తేదీ చూశాడు.
"పాతబడింది. కొత్తది అడిగితే కొనివ్వరు."
ఆ మాటకి వెనక వరస సంచులు సర్దుకుంటుంటే

"దుంపకి పనిచేసిన మందు
కాయ దగ్గరికొచ్చేసరికి పాతబడుతుందా?" అంది ఒబ్దూలియా.
తలెత్తకుండానే.
"కాయ పండిపోయింది సార్. పిండంతా చక్కెరైపోయింది.
కోతల ముందు మా మేస్త్రీ ఇదే మందు చల్లి చూస్తాడు.
ఆ మచ్చని బట్టి ఆయన నిచ్చెనలు ఎప్పుడు వెయ్యాలో చెబుతాడు,
మేం అద్దె ఎప్పుడు కట్టగలమో లెక్క వేసుకుంటాం."

వచ్చే గురువారం టిఫిన్ డబ్బాలో కాయలు తెచ్చింది.
కోల్డ్ స్టోరేజీది ఒకటి,
మొన్న కోసింది ఒకటి,
ఇంకా నెల్లాళ్లు కొమ్మని పట్టుకుని ఉండాల్సినవి రెండు.
అడ్డంగా కోసింది, గింజల గదులు నక్షత్రంలా కనపడేట్టు.
చుక్కలు తనే వేసింది.

మొదటిది తెల్లగా ఊరుకుంది.
పచ్చిది మొత్తం నల్లబడింది.
మధ్యదాంట్లో, నడిమి నుంచి
ఒక తెల్లటి పువ్వు విచ్చుకుంటూ
అంచున నీలాన్ని తోసుకుంటూ పోతోంది.

హాల్వర్సన్ ఖాళీ స్టూలు లాక్కుని
మా వరసలో కూచున్నాడు.
పెన్ను అడిగాడు. నాదే ఇచ్చాను.

చివర్లో ఆమె ఒక్కటే అడిగింది:
ఒక కుళ్లిన కాయ పెట్టెడు కాయల్ని ఎలా చెడగొడుతుంది?
ఆయన బోర్డు మీద రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు గీశాడు.
ఇథిలీన్. గాలిలోనే పోతుంది, కంటికి కనపడదు.
ఆమె ఆ బొమ్మని చాలాసేపు చూసింది.
"ఇంతేనా? ఇంత లేదు,
నా జీతంలో ఏటా కోత పెట్టించింది ఇదా?"

ఆ వారం పరీక్షలో ఆమెకి అరవై ఒకటి.
స్పెల్లింగులకి పోయాయి.
నాకు ఎనభై నాలుగు; ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాలుగో కాయ కొయ్యలేదు.
బండి దగ్గర నా చేతిలో పెట్టింది.
ఇప్పుడది నా డాష్‌బోర్డు మీద,
హీటర్ గాలికి కొంచెం ముడత పడుతూ ఉంది.
లోపల పువ్వు ఎంతవరకు విచ్చుకుందో
కొయ్యకుండా తెలీదు.
ఫైనల్ పరీక్ష పదిహేడున.