ఎనిమిదిలో ఐదు

బసవనగుడిలో వేరుశనగ పరిషె ముగిసి
రోడ్ల మీద పొట్టు ఇంకా ఎగురుతున్న వారం.
మల్లేశ్వరంలో మా మేడ మీద
తెల్లారి నీళ్ల ట్యాంకు మూత ముట్టుకుంటే
చెయ్యి కొరుకుతోంది.
పదకొండు దాకా ఆగాను.
పెట్టె నెత్తిన ఎండ కూచున్నాకే మూత తీయమని
మునియల్లప్ప మాట.
"చలిలో తెరిస్తే వాటి దుప్పటి లాగినట్టే అన్నా."

కొబ్బరి పీచు పొగ, రెండు ఊదులు, అంతే.
మైనం అతికిన అంచులో
వాచీల వెనకమూతలు తెరిచే పాత చాకు దూర్చితే
చిటుక్కుమంది.

ఎనిమిది చట్రాలు.
ఐదింటి మీదే ఈగలు
భుజాలు రాసుకుని.
మిగతా మూడూ టులెట్ బోర్డు తగిలించిన గదులు.
ఆరోది నల్లబడి ఖాళీ.
ఏడోది సగం కట్టి వదిలేశాయి
పని మధ్యలో ఎవరో పిలిచినట్టు.
ఎనిమిదోదాన్ని వెలుగుకెత్తితే
బూడిదరంగు గూడు, లోపల దొర్లే పురుగు.
కాపలా అందని జాగాలో
చిమ్మట సంసారం పెట్టింది.

నలభై ఒక్క ఏళ్లుగా
కొట్టు దాటని కంటి భూతద్దం ఇవాళ మేడెక్కింది.
వీపుకి ఎండ పెట్టి
నాలుగో చట్రం గదుల్లోకి చూశాను.
రాణి కనబడలేదు.
నాకెప్పుడూ కనబడదు.
గుడ్లున్నాయి.
నిటారుగా నిలబడ్డది ఇవాళ్టిది.
ఓరగా వాలింది నిన్నటిది.
పడుకున్నది మొన్నటిది.
పన్నెండు, ఒకటిన్నర, మూడు.
ఎవరూ రిపేరుకి తేలేని గడియారం,
కీ ఇవ్వకుండా తిరుగుతోంది.
నిలువువి లెక్కపెట్టాను.
పదకొండు దగ్గర కన్ను నీరు పెట్టింది,
ఆపేశాను.

అడ్డుపలక ముందే కోసి ఉంచాను.
పోయిన జ్యేష్ఠంలో నా కొట్టుని రెండు చేసి
రోడ్డు వైపు సగం ఇంతియాజ్‌కిచ్చాను,
ఫోన్ కవర్లు వేలాడదీసుకోడానికి.
ఆ గోడలో మిగిలిన ప్లైవుడ్ ఇది.
కోసేటప్పుడు అవతలి కొస అతనే పట్టుకున్నాడు.
"ఇదీ గోడేనా సార్?"
"కదిలే గోడ" అన్నాను.
మొదటి నెల ఆ గోడ వైపు తలెత్తలేదు నేను.
రెండో నెలకి తెలిసింది,
చిన్న గదికి టేబుల్ ల్యాంపు వేడి చాలని.
జ్ఞానం వచ్చి కాదు,
కరెంటు బిల్లు వచ్చి.

పురుగు పట్టింది కాల్చేశాను.
మిగతా రెండూ పేపర్లో చుట్టి
ఫ్రీజర్లో పెట్టబోతే
విమలాక్షి చూసింది.
ఏమీ అనకుండా
పితికిన అనపగింజల డబ్బా పక్కకి జరిపింది.

ఐదింటినీ దగ్గరికి నెట్టాను,
నడుమ పిల్లలు, అంచుల్లో తేనె.
పలక దించాను.
ఒక ఈగ దానిమీద ఆ చివర నుంచి ఈ చివరకు
కొలిచినట్టు నడిచి
లోపలికి దిగిపోయింది.
వాకిలి మూసి రెండు ఈగలు
పక్కపక్కన పట్టేంత సందు వదిలాను.
స్టాండు కాళ్ల కింది చిప్పల్లో
నిన్నటి చీమలు పారబోసి కొత్తనీళ్లు.
చక్కెర పాకం మాత్రం చీకటి పడ్డాకే.
పగలు పోస్తే వీధి ఈగలన్నీ
దోపిడీకి దిగుతాయి.

మంచు కురిసే ఊరు కాదిది.
స్వెటరు వేసుకుని ఐస్‌క్రీము తినే ఊరు.
ఈ కాస్త చలికి ఇంత సరంజామా ఎందుకని
ఒకసారి అడిగాను.
"చలి కాదన్నా చంపేది, ఖాళీ"
అని బీడీ ఆర్పి
మిగిలిన ముక్క చెవి మీద దోపుకున్నాడు మునియల్లప్ప.
"కానుగ పూయనీ,
ఆ పలక నువ్వే తీసేస్తావు."

రాత్రి పాకం గిన్నె పెట్టి,
గోనెసంచి కప్పి,
వాచీకి పెట్టినట్టే
పెట్టె గోడకి చెవి పెట్టాను.
కింద ఎవరో రేపటి దోసెపిండికి మిక్సీ వేశారు.
ఏ చప్పుడు ఎవరిదో తెలియలేదు.
అలాగే వంగి నిలబడ్డాను.
మిక్సీ ఆగింది.
ఇది ఆగలేదు.