రంపపు పరక

కాలేజీ జువాలజీ ల్యాబుల
నలభై ఒకటో సీసా నా చేతికింద ఉంటది.
సీసాల ఫార్మాలిన్, ఫార్మాలిన్ల చేప,
చేప పక్కన మునిగిన చీటీ.
ఆ చీటీ పెన్సిల్‌తోనే రాయాలె,
సిరాతో రాస్తే ఏడుస్తది.

మొన్న వకుళ మేడం పిలిచి
"లింగస్వామీ, దీని పేరు మారింది" అన్నది.
"పుంటియస్ కాదు ఇగ. పెథియా."
ఎప్పుడు మారింది మేడం?
"పదేండ్లు దాటింది. నల్లగొండకు ఇయ్యాల చేరింది."

భూతద్దం కింద పెట్టి చూపించింది.
మొప్ప ఎనక ఒక నల్లచుక్క,
తోక మొదట్ల ఇంకొకటి.
పొలుసుల నడుమ గీత
సగం దూరం నడిచి మర్చిపోయినట్టు ఆగిపోతది.
మీసాలు లేవు.
వీపు మీద ముల్లు, దాని ఎనక అంచుకు పండ్లు.
"ఈ పండ్లు చూసే వేరు చేసిన్రు.
ఒకే ఇంటిపేరు కింద వందకు పైగా చేపలుండె,
ఇప్పుడు వేరు పడి
ఎవరి పొయ్యి వాళ్ళదయింది."

సీసా మూత తీస్తే కండ్లు మండినయి.
పేరు మారినా వాసన మారలే.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది.
పానగల్లు కట్ట మీద గంప ఖాళీ చేసి
పింఛను కాగితం మీద సంతకం కోసం.
ఈదమ్మ, నా తల్లి. మేడం కుర్చీ వేసింది,
కూసోలే. సీసా దిక్కు చూసింది.

"ఇది మన పరకనే గదరా.
ఎన్నేండ్లయింది చచ్చి?"
ముప్పై.
"ముప్పై ఏండ్ల సంది కూర గాకపాయె!"

మేడం నవ్వింది. అమ్మ నవ్వలే.
సీసా ఎత్తి వెలుగుకు పెట్టి
వీపు దిక్కు వేలు చూపింది.
"ఇది రంపపు పరక.
మత్తడి దుంకినప్పుడు ఎదురెక్కుతది.
వలల తక్కినయన్నీ దులిపితే రాలుతయి,
ఇదొక్కటి దారాన్ని కొరుక్కోని ఏలాడుతది.
ఇడిపించేసరికి ఇగో..."

చెయ్యి చాపింది.
బొటనవేలు లోపలి దిక్కు
సన్న సన్న తెల్లగీతలు,
ఒకదాని మీద ఒకటి,
యాభై వానాకాలాలు.

మేడం భూతద్దం ఆ చేతి మీద పెట్టింది.
శానాసేపు తీయలే.

నాకు తెలిసిన వర్గీకరణ అంతా అమ్మదే.
ఎండబెట్టేటియి, పులుసుకు పోయేటియి,
బాలింతకు పెట్టేటియి, పిల్లికి ఇసిరేటియి.
అరువు అడిగేటోళ్ళకు ఇచ్చేటియి వేరే గంప.
దాంట్ల జాతి చూడరు,
మొఖం చూస్తరు.

పోయేటప్పుడు మేడం ఒక మాట చెప్పింది.
పుంటియస్ అన్న పేరు
బెంగాల్ల చిన్న చేపను పిలిచే మాట నుంచి పుట్టిందట.
పెథియా, సింహళపోళ్ళు పిలుచుకునే మాటనట.
దొరలు, ప్రొఫెసర్లు
ఏ భాష ఏరు ఒడ్డున నిలబడితే
ఆడి బెస్తోని నోట్ల నుంచి తీసుకున్నరు.
లాటిన్ తోక ఒకటి అతికించిన్రు.

అమ్మ ఆగింది గడప మీద.
"అయితే మన కట్ట మీదికి ఎవ్వలు రాలేదా?"

జవాబు మేడం దగ్గర లేదు.
నా దగ్గర సుత లేదు.
కొంగుల పింఛను కాగితం ముడేసుకోని
ఆటో దిక్కు నడిచింది అమ్మ.
ఆమె కూసున్న ఆటోల
మిగతావాళ్ళు జరిగి కూసుంటరు, నాకెరుక,
చేప వాసనకు.
అది సుత ఒక వర్గీకరణే.

సాయంత్రం ల్యాబు తాళం వేసే ముందు
కొత్త చీటీ కోసిన.
పెన్సిల్ చెక్కి, మేడం చెప్పిన స్పెల్లింగు
ఒక్కొక్క అక్షరం ఒత్తి రాసిన.
పాత చీటీ పారెయ్య బుద్ధి గాలే,
జేబుల పెట్టుకున్న.

కొత్తది తిప్పి
ఎనక దిక్కు తెలుగుల రాసిన: రంపపు పరక.
దొరికిన ఊరు: పానగల్లు.
గుర్తుపట్టింది: ఈదమ్మ.
ఆ ముఖం లోపలికుండేటట్టు
సీసాల జారవిడిచిన.

మెల్లగ తిరుక్కుంట దిగింది.
అడుగుకు పొయ్యి ఒరిగినంక
అద్దంలోంచి చూస్తే
చీటీ ఎనక ముఖం కొంచెమే కనబడుతున్నది,
"ఈద" దాకా.
మిగతాది చేప అడ్డం.