ఏటి పడ్డాయి?

రాంనగర్ చౌరస్తాలో మా డీటీపీ సెంటర్.
విఠల్ సేటు కొత్త హోటల్ మెనూ తెచ్చాడు:
వెజ్, చికెన్, మటన్, సీఫుడ్.
"అంతా తెలుగుల కొట్టు.
కొర్రమీను సీఫుడ్ కింద వెయ్."

కొర్రమీను చెరువుది కదా సేటూ, అన్నాను.
బురదలో పుట్టి బురదలోనే పెరిగేది.
సముద్రం దాని కలలోకైనా వచ్చి ఉండదు.
"నీళ్లల్లకెల్లే వచ్చిందా, లేదా?"

నిజమే.
ఈ ఊళ్లో చెరువునే సాగరమంటాం.
దాని గట్టున కూర్చుని మొక్కజొన్న కంకి తింటాం,
దాని చేపని మాత్రం ముట్టం.

సీఫుడ్‌కి తెలుగు వెతికాను.
'సముద్రాహారం' అని కొట్టి చూశాను.
సర్కారు ప్రకటనలా ఉంది,
ముల్లు లేదు, నీచు వాసన లేదు.
'జలపుష్పాలు' అంటే
పులుసులోకి మల్లెపూలు వేసినట్టుంది.

ఆదివారం పొద్దున్నే మార్కెట్‌కి పోయి
నూకతల్లిని అడిగాను.
ముత్యాలమ్మపాలెం వదిలి పద్దెనిమిదేళ్లు.
కత్తిపీట మీద పాదం, పాదం మీద పొలుసు.
మంచుపెట్టెలో చెయ్యి పెట్టి
చూడకుండానే పేర్లు చెబుతుంది:
చందువా, వంజరం, పండుగప్ప,
కానాగంత, సావిడాయి,
బాలింతకి పాలసొర.

"అన్నిట్నీ కలిపి ఒక్క మాటా?
ఊరందర్నీ కలిపి ఒక్క పేరెట్టి పిలుత్తారేటి బాబూ?"

మరి మీ ఊళ్లో ఏమనేవారు?

కత్తి కాసేపు ఆగింది.
"తెప్ప ఒడ్డుకొచ్చేతలికి
మేవడిగేది ఒకటే... ఏటి పడ్డాయి? అని.
ఏటీ పడనేదంటే
ఆ పూట చింతపండు చారు."

పన్నెండు గంటలకి దుకాణం తెరిచి
సీఫుడ్ తీసేసి
'ఏటి పడ్డాయి?' అని కొట్టాను,
పెద్ద అక్షరాల్లో, నీలం రంగులో.

సేటు ఎర్ర పెన్నుతో అడ్డంగా గీశాడు.
"పిచ్చోనివా?
గిరాకీ చదివి, బల్లి పడ్డదనుకుంటడు!"

సీఫుడ్ అనే అచ్చయింది.
ఐదొందల కార్డులు, లామినేషన్‌తో సహా.
మూడో వరసలో
రొయ్యకీ పీతకీ నడుమ కొర్రమీను,
ఎవరిదో పెళ్లిలో
ఫొటోకి లాగి నిలబెట్టినట్టు.

సాయంత్రం మార్కెట్ కడిగేశారు.
కరిగిన మంచునీళ్లు, పొలుసులు మోసుకుంటూ
మా గుమ్మం ముందునుంచే మోరీలోకి పారాయి.
వాటి వెనకే నూకతల్లి,
ఖాళీ గంప చంకన పెట్టుకుని.

చదవడం రాదు తనకి.
కార్డు మీది నిగనిగని
తడి వేలితో ఒకసారి తడిమి
నా మొహంలోకి చూసింది.

"ఏటి పడ్డాయి బాబూ?"

సగమే పడ్డాయమ్మా,
మిగతా సగం బాకీ.