మోగనీ

ఆదివారం ఆరింటికి, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే
మర్రిపాలెం అపార్టుమెంటు సెల్లారులో గోనెపట్టా పరుస్తాను.
రాత్రంతా నిద్రపోయిన బండికే వాల్వులు చూడాలని
దేముడు చెప్పాడు.

దేముడంటే కొండమీద ఉండేవాడు కాదు,
కంచరపాలెంలో నలభై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి.
ఇప్పుడు కళ్ళు మసక.
గేజి రేకు మీది అంకె ఆయనకి ఆనదు.
అందుకని చేతులు నావి, చెవులు ఆయనవి.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో గుమస్తాని నేను.
కరిగిపోయేదానికి లెక్క రాయడం నా ఉద్యోగం.
ఆ అలవాటు చొప్పునే బండికీ ఓ పుస్తకం పెట్టాను.
ఇంజనాయిలు రెండు లీటర్లు, పదమూడు వందలు.
చెయినూ పళ్ళచక్రాలూ, మూడువేల నాలుగొందలు.
కూలి సున్నా, బిగించింది నేనే కనక.
బొటనవేలి గోరు, ఒకటి.
చెయిను తోమడానికి పాత పళ్ళబ్రష్షు,
తుడవడానికి నాన్న లుంగీ, ఇంకో ఏడాది వస్తుంది.

ఈ ఊళ్ళో బండి కొంటే
అడక్కుండానే ఇంకో వాటాదారు వచ్చి చేరుతుంది, సముద్రం.
పైసా పెట్టదు. రోజూ తింటుంది.
నట్ల అంచుల్లో, చువ్వల మొదళ్ళలో, సైలెన్సరు కడుపు కింద
ఎర్రగా వేలిముద్ర వేసి పోతుంది.
భీమిలి దాకా ఓసారి తిరిగొచ్చినా
మంచినీళ్ళతో కడగాలి.
మా మంచినీళ్ళు ట్యాంకరు మీద వస్తాయి.
రెండు బకెట్లదాకా ఫరవాలేదు,
మూడోదానికి సెక్రటరీ పైడిరాజు గారు బాల్కనీలో దగ్గుతారు.

"మైలేజెంతమ్మా?"
పెళ్ళి బంతిలో సాంబారు వడ్డిస్తూ కూడా అడిగారొకాయన.
ఇరవై ఎనిమిది, అంటే
ఎవరో పోయిన కబురు విన్నట్టు గరిటె ఆగింది.
"బస్సెక్కితే అయిపోను కదేటి," అంటుంది సన్యాసమ్మ పెద్దమ్మ.
అయిపోను, నిజమే.

పోయిన మార్చిలో అన్నీ కూడాను,
పెట్రోలు, టైర్లు, బీమా, అరిగినవి, విరిగినవి.
కిలోమీటరుకి ఆరు రూపాయల పద్నాలుగు పైసలు.
ఆ అంకె పక్కలో పడుకుని నిద్ర పట్టనివ్వలేదు.
తెల్లారగట్ల లేచి సీలేరు వెళ్ళొచ్చాను.
పోనూ రానూ నాలుగొందల కిలోమీటర్లు,
మీరే గుణించుకోండి.

అనంతగిరి మలుపులు దిగేసరికి వెనక బ్రేకు ప్యాడ్లు
సగం అయిపోయాయి ఓ జూలైలో, నాలుగొందల యాభై.
ఆ మలుపుల్లోనే వానకి ఆగితే
సంతకెళ్ళే ఆవిడ తన గొడుగులో సగం నాకిచ్చి,
గంటసేపు నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.
దాన్ని ఏ గడిలో రాయాలి?
ఇతరములు అని రాసి ఎదురుగా గీత గీశాను.

ఇవాళ ఆ మూత మళ్ళీ విప్పాను.
రేకు వాల్వు సందులోంచి జారిపోకూడదు, ఇరుక్కోకూడదు,
బరువైన పుస్తకం కిందినించి నోటు లాగినట్టు
కాస్త పట్టుపట్టి రావాలి.
వచ్చింది. మూత బిగించి స్టార్టు చేశాను.
రెండోది టిక్, టిక్, టిక్.
ఇన్ని డబ్బులు పోసి ఇదా అనిపించి
మళ్ళీ స్పానరందుకున్నాను.

బోర్లించిన రంగుల డబ్బా మీద దేముడు
టీ గ్లాసు పట్టుకుని, తల వాల్చి విన్నాడు.
"ఇప్పకు. మోగిందంటే ఊపిరాడతన్నట్టు.
సప్పుడాపీసిందనుకో, లోపల మాడిపోతన్నాదన్నమాట.
మోగనీ."

పుస్తకంలో రాశాను:
గాస్కెట్టు, నూటపది. టీలు రెండు, ఇరవై నాలుగు.
దేముడు డబ్బులు పుచ్చుకోలేదు.

పైనించి పైడిరాజు గారు వంగి చూశారు.
"ఏదో చప్పుడొస్తున్నట్టుందమ్మా?"
"వస్తోందండీ," అన్నాను.