కీచు ఆగిన పొద్దు

తెల్లారగట్ల నాలుగున్నరకి
నా కారు యారాడ కొండ దిగుతుంటే
కింద ఊరంతటికీ తెలిసేది.

వెనక సీటు పీకేసి పేర్చిన ఆరు బకెట్లు,
నాలుగు ఇడ్లీ పిండి, రెండు అట్ల పిండి,
మూతల కింద తడిగుడ్డలు.
వంపు వంపుకీ బ్రేకు నొక్కితే
ముందు చక్రాల్లోంచి
కొబ్బరికోరాన్ని రాతి మీద ఈడ్చినట్టు కీచు.

వానలు వెళ్లేసరికి కీచు గరగరయింది.
కార్తీకంలో ఓ రోజు మూడో వంపులో
పెడలు పాదం కింద వణికింది.
బండి ఆగలేదని కాదు,
ఆగింది.
నేను ఆగమన్న చోట ఆగలేదు.
ఒక మూత ఎగిరి
చల్లటి పిండి నా మెడ మీద జారింది.
కొండ పక్కనున్న సముద్రాన్ని
ఆ రోజు మాత్రం చూడలేదు.

కంపెనీ షోరూంలో టీ ఉచితం.
చీటీ మీద పదకొండు వేల నాలుగొందలు.
నేను ఏ లెక్కయినా ఇడ్లీల్లో వేసుకుంటాను.
టీ తాగేసి వచ్చేశాను.

మల్కాపురంలో సన్నిబాబు
చక్రం విప్పి పిలిచాడు.
"అంచు మీద గోరెట్టి సూడమ్మా."
చుట్టూ గట్టు, లోపల పల్లం.
ఈ అరుగుదల నాకు తెలుసు,
మా రుబ్బురోలుకీ ఇలాగే వచ్చేది.
గంట్లు కొట్టిస్తే మళ్లీ రుబ్బేది.
"దీనికీ గంట్లు కొట్టించలేమా?"

నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు.
"లేతు మీద సెక్కొచ్చు, మందం ఉంటే."
కొలిచాడు.
ఇంతకన్నా పల్చబడితే వాడొద్దని
డిస్కు మీదే అచ్చుపోసిన అంకె ఉంది,
తుప్పు తుడిచి చూపించాడు.
"అది ఎప్పుడో దాటీసింది.
ఇంకా సెక్కితే అట్టయిపోద్ది."

ప్యాడ్లు నా అరచేతిలో పెట్టాడు.
ఒకటి బిస్కెట్టంత మందం. దాని జోడు వట్టి రేకు.
"పిన్ను పట్టీసింది, ఉప్పుగాలికి.
అది సూడకుండా కొత్తవెన్నేసినా
ఒక పక్కే తినేస్తాది."
షోరూం చీటీలో ఈ పిన్ను మాట లేదు.

సామాను నేనే తెచ్చుకుంటానన్నాను.
గాజువాక ఆటోనగర్‌లో మూడు కొట్లు తిరిగాను.
ఒకడు ఒరిజినల్ అన్నాడు,
వాడి స్టిక్కరు నా వేలికి అంటుకొచ్చింది.
మూడో కొట్లో ముసలాయన
కారు ఏ ఏటిదో అడిగి, పాత ప్యాడు పక్కన కొత్తది పెట్టి చూసి
అప్పుడు ధర చెప్పాడు.
రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్లు: మూడు వేల నూట యాభై.
బస్సులో ఒళ్లో పెట్టుకుంటే
చంటిబిడ్డ కన్నా బరువు.

పాత డిస్కు సుత్తికి గానీ ఊడలేదు.
ఊడిన క్యాలిపర్‌ని ట్యూబు మీద వేలాడనివ్వకుండా
తీగతో పైకి కట్టాడు.
పిన్ను రుద్ది గ్రీజు పూశాడు.
కొత్త డిస్కు నూనె పెట్రోలుతో తుడవడం నా వంతు,
కొత్త పెనం మడ్డి వదిలించినట్టు.

"తాళం తిప్పకముందే పెడలు తొక్కు."
మొదటి తొక్కుకి నేలకంటా పోయింది.
నా ప్రాణం కూడా.
రెండు. మూడు.
నాలుగోసారికి కాలికి గట్టిగా తగిలింది.
"ఇరవై ముప్పై సార్లు నెమ్మదిగా ఆపి ఆపి నడుపు.
అప్పుడే గట్టిగా నొక్కీకు."
మొదటి అట్టు పెనానికే కదా, అన్నాను.
ఆ మాట అతనికి నచ్చింది.
కూలి ఆరొందలన్నాడు, బేరం ఆడలేదు.
పాత డిస్కులు బండిలో పడేస్తూ,
"ఇనుపసామాన్లోడు నలభై ఇత్తాడు.
కవరు సుట్టి మూతల మీద ఎట్టుకో."

మర్నాడు కొండ దిగాను.
మూడో వంపు. కాలు ఆనించాను.
చప్పుడు లేదు.
గోతాంలో ఎక్కడో కీచురాయి,
దూరంగా ఒడ్డుని తాకుతున్న నీళ్లు,
ఇన్నాళ్లూ ఇవి ఇక్కడే ఉన్నాయేమో.

మసేనమ్మ టిఫిన్ కొట్టు చీకటిగా ఉంది.
తలుపు కొడితే
జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.
"సెప్పాపెట్టకుండా ఒచ్చీసినావేటి?
నీ బండి కూత ఇంటేనే గదే నాను లేచీది!"

పొయ్యి అప్పుడు ముట్టించింది.
ఆ రోజు యారాడలో
ఇడ్లీ అరగంట ఆలస్యం.