బొటనవేలు

అల్లూరు రోడ్డు రొయ్యల ఫ్యాక్టరీ గేటు కాడ
మిషను నా వేలిని గుర్తుపట్టలా.
పదకొండేళ్ళ ఐసు
గీతలన్నీ వలిచేసింది.

మేస్త్రీ కాలంలో ఈ వేలే నా సంతకం.
బుట్టకింతని చిల్లర.
చెయ్యి తెగితే ఇంత పసుపు, ఇంటికి పో.

ఇప్పుడు బ్యాంకులో జీతం,
నీలం గ్లౌజులు, ఈఎస్ఐ కార్డు.
పీఎఫ్ అని పదమూడొందలు కోసినారని గొడవకు పోతే
ట్రైనింగు పిల్ల రిహానా నవ్వలా.
"అది నీదే అత్తా,
కంపెనీ కూడా అంతే కలుపుతుంది"
కాగితం మీద రెండు కుప్పలు గీసింది.
షిఫ్టయినాక, కాళ్ళు పీకుతున్నా,
ఆ పిల్ల కాడే ఓనమాలు.

ఈ పొద్దు సెక్యూరిటీ రిజిస్టరు తెరిచి
పెన్ను చేతికిచ్చినాడు.

చెం... గ...
వెనక లైను కేకలేస్తా ఉండాది.
ఉండండమ్మే,
మకి ఒత్తు ఇంకా పెట్టలా.