ముప్పై డిగ్రీలు

మైలపల్లి గురయ్య, పెద్ద జాలరిపేట.
కుడిచేతి చూపుడువేలు.
చేప ముల్లు గుచ్చుకుని ఏడు నెలలు.
మూడు ఆసుపత్రుల చీటీలు
కవర్లో చెమ్మగిల్లి, ఉప్పువాసనతో.

కేజీహెచ్ ల్యాబులో
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
ఆరు వారాలు చూశాం.
ఏమీ మొలవలేదు.
"నెగెటివ్ రాసేయ్" అన్నారు మేడమ్.
రాశాను.

రెండో సీసా మాత్రం
పెట్టెలో చోటు చాలక
చీకటి బీరువాలో ఉండిపోయింది.
ఎవరి మరుపని అడగకండి, నాదే.

కొత్త రిజిస్టరు కోసం తలుపు తీస్తే
ఆకుపచ్చ గుడ్డుముద్ద మీద
వెన్నరంగు చుక్కలు.
కిటికీలో పెట్టాను.
మర్నాటికి, వెలుగు తాగి,
నిమ్మపండు పసుపు!
అద్దం కింద
నీలంలో ఎర్రెర్రని పుల్లలు.

రిజిస్టరులో నా అక్షరాలు నేనే కొట్టేసి
ఫోన్ చేశాను.
ఎత్తింది అతని భార్య పోలమ్మ.
"వేటకెళ్ళాడమ్మా. ఏటంట, ఆ ఏలు?"

పొడుగాటి లాటిన్ పేరు మింగేసి
"నీళ్ళలో పురుగమ్మా.
మన ఒంటి వేడి పడదు దానికి,
అందుకే చల్లగా ఉండే
వేలి చివర్నే ఆగిపోయింది" అన్నాను.

కాసేపు అటువైపు అలల హోరు.
"మావోడి నాగే అన్నమాట.
ఒడ్డెక్కితే ఊపిరాడదు."

మందుల సంగతి
ఇంకా చెప్పనే లేదు నేను.